తాటి టెంకకు ఇదే అదను

శ్రావణం, భాద్రపదం నెలల్లో తాటిపండ్లు రాలతాయి. తోపుల్లో ఊరికే పడి కుళ్లిపోతుంటాయి. పిల్లలు రెండు ఏరుకొచ్చి కాల్చుకు తింటే తిన్నట్టు, లేకపోతే లేదు. సముద్రం పక్కన కొబ్బరి, జీడి వేసుకున్న చిన్న రైతులు ఈ రోజుల్లో నాలుగు గంపల టెంకలు పోగుచేసుకుంటే చాలు. పైసా పెట్టుబడి లేకుండా గట్టంతా తాళ్లు లేపుకోవచ్చు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను దెబ్బకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడుకున్నాయో చూశాం. తాటి వేళ్లు లోతుకు దిగుతాయి, మానుకు చేవ ఎక్కువ. ఉప్పుగాలికీ, ఎండకూ, నీటి ఎద్దడికీ ఓర్చుకుంటుంది. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనలో తాటిచెట్లు పట్టుకుని ప్రాణం దక్కించుకున్నవాళ్లున్నారు. అలాంటి చెట్టును ఇటుక బట్టీకి అడిగారని వచ్చినకాడికి ఇచ్చేస్తున్నాం. కొట్టడానికి ఒక పూట. దాని జాగాలో ఇంకోటి పెరిగి గెల వేయడానికి పన్నెండు నుంచి పదిహేనేళ్లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. తప్పక కొట్టించాల్సి వస్తే, ముందు అక్కడ నాలుగు టెంకలు పాతి తర్వాత గొడ్డలి పట్టించండి.

తాటికి నారు పోసి నాటడం అచ్చిరాదు. అన్ని గింజల్లాగా ఇది మొలవగానే పైకి రాదు, కిందికి పోతుంది. టెంకలోంచి తెల్లటి మొలక నేలలోకి అడుగు పైనే దిగి, దుంపలా ఊరుతుంది. మనం తినే తేగ అదే. దాని లోపల ఉండే లేత మొవ్వునే పిల్లలు చందమామ అంటారు. ఆ మొవ్వే రేపటి చెట్టు. తేగ విరిగినా, కదిలినా మొక్క దక్కదు. అందుకని చెట్టు ఎక్కడ కావాలో టెంకను అక్కడే పాతుకోవాలి.

బాగా గెలలు వేసే చెట్టు చూసి దాని కింద పండ్లే ఏరండి. ఒక్కో పండులో ఒకటి నుంచి మూడు టెంకలుంటాయి. గుజ్జు తీసేసి నీళ్లలో వేస్తే తేలినవి పనికిరావు. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తవ్వి, మట్టి గుల్ల చేసి, జానెడు లోపు లోతులో రెండేసి టెంకలు పెట్టి కప్పాలి. రెండూ మొలిస్తే తర్వాత ఒకటి తీసేయొచ్చు. గుంతకీ గుంతకీ పది అడుగులు. కొబ్బరి వరుసకు ఇరవై అడుగులైనా ఎడం ఉండాలి, లేకపోతే నీడ పడుతుంది. సరిహద్దు గట్టయితే మీ భూమిలోకి గజం లోపలికి వేయండి. మాను లావెక్కాక గట్టు తగాదా వస్తుంది మరి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. పాతి నెలలు గడిచినా పైన ఏమీ కనపడదు. తొలి ఆకు రావడానికి ఒక్కోసారి ఏడాది పడుతుంది. గింజ చచ్చిందనుకుని నాగలి పెట్టేస్తారు. కింద తేగ దిగుతూనే ఉంటుంది. గుంత దగ్గర ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకోండి, పందులు పెళ్లగించకుండా ముళ్ల కంప వేయండి. మొదటి రెండు మూడేళ్లు గట్టు మీద గడ్డికి నిప్పు పెట్టొద్దు.

ఆడదో పోతుదో పూత వేసేదాకా తెలీదు. ఇంచుమించు సగం సగం వస్తాయి. ముంజెలూ పండ్లూ ఆడ తాటికే. కల్లు మాత్రం రెండూ ఇస్తాయి. కమ్మలు, మట్టలు ఎలాగూ రెండిటికీ ఉంటాయి.

పదిహేనేళ్లు ఎవరు చూడొచ్చారంటారా? అరెకరం ఆసామికి ఆ మాట అనే హక్కు ఉంది. అందుకే పొలం మధ్యలో వేయమని నేను చెప్పను, గట్టున మాత్రమే వేయండి. మిగిలిన టెంకలతో ఇంటి పెరట్లో తేగల పాతర పెట్టండి. ఇసుక నేలను రెండడుగుల లోతు గుల్ల చేసి, టెంకలు పక్కపక్కనే పేర్చి, పైన పల్చగా మట్టి కప్పి, ఆరకుండా నీళ్లు చల్లుతుంటే మూడు నాలుగు నెలల్లో తేగలు ఊరతాయి. సంక్రాంతి ముందు తవ్వి, ఉడకబెట్టో కాల్చో కట్టలు కట్టి అమ్ముకోవచ్చు. బస్టాండు దగ్గర అమ్మేవాళ్లను అడగండి, లెక్క చెబుతారు.

చీడల్లో కొమ్ము పురుగు, ఎర్రముక్కు పురుగు ముఖ్యం. కొమ్ము పురుగు పెంటకుప్పల్లో, కుళ్లిన మొద్దుల్లో పుడుతుంది. తుపానుకు కూలిన మానులు తోటలో వదిలేస్తే తాటికీ కొబ్బరికీ కూడా ముప్పే. మొవ్వు కుళ్లు మరీ ప్రమాదం. గోదావరి డెల్టాలో తాటితోపుల్ని ఈ తెగులు తినేస్తుంటే బట్లర్ అనే శాస్త్రవేత్త పరిశోధించి, 1907లో దీని శిలీంధ్రాన్ని గుర్తించాడు. వానాకాలంలో నడి ఆకు వాలి, లాగితే ఊడి వస్తే అదే. కుళ్లు భాగం కోసేసి బోర్డో పేస్టు పూయాలి. చుట్టుపక్కల చెట్ల మొవ్వుల్లో ఒక శాతం బోర్డో మిశ్రమం పోయించాలి. చచ్చిన చెట్టు తలను దించి కాల్చేయాలి.