అత్తగారు మరిచిపోతే...

"పొద్దుటినుంచీ నాకు మెతుకు పెట్టలేదమ్మా!" అని అత్తగారు వీధరుగు మీద కూర్చుని పొరుగింటావిడతో అంటూంటే, అప్పుడే ఆవిడ తిన్న కంచం కడుగుతున్న కోడలికి ఎలా ఉంటుంది చెప్పండి! మైలవరంలోనైనా, బెజవాడలోనైనా ఇలాంటి ఇల్లు మీరూ చూసే ఉంటారు.

అది గయ్యాళితనం కాదమ్మా, జబ్బు. మెదడులోని కణాలు క్రమంగా దెబ్బతినడంవల్ల వచ్చే దీన్ని డిమెన్షియా అంటారు. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా ఇది ఉందని 2023లో వెలువడిన అంచనా. సాధారణంగా కొత్త సంగతులు ముందు పోతాయి, పాతవి చాలాకాలం నిలుస్తాయి. అందుకే అన్నం తిన్నమాట మరిచిన పెద్దావిడే, నాటకాలకు పేరుపడ్డ మైలవరంలో చిన్నప్పుడు విన్న పద్యాన్ని పొల్లుపోకుండా పాడేస్తుంది.

ముందు డాక్టరుకు చూపించండి. థైరాయిడ్, బి12 విటమిన్ లోపాలవల్ల, దిగులువల్ల కూడా మరపు రావచ్చు. వాటికి మందులున్నాయి. డిమెన్షియానే అని తేలితే ఆవిడతో వాదించకండి. "ఇందాకే తిన్నారుగా!" అనేబదులు, "వడ్డిస్తానత్తయ్యా, ఈలోగా కాస్త మజ్జిగ తాగండి" అనండి.

మరి మీ సంగతో? రాత్రి నిద్రలేక, పగలు నిందపడి, ఒకసారి విసుక్కుని, ఆనక చాటుగా ఏడ్చే కోడలు చెడ్డది కాదు, అలిసిపోయింది. మీవారు, మరిది, ఆడపడుచు తలా ఒక వంతు పట్టాలని అడగండి. మనసు మరీ బరువైతే టెలి మానస్ 14416కు ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చేమీ లేదు.

ఒకవేళ మీరు ఆ పొరుగింటావిడే అయితే, కోడల్ని ఓ గంట నడుం వాల్చమని, మీరు పెద్దావిడ దగ్గర కూర్చోండి. ఆ పద్యం ఇంకోసారి పాడించుకోండి.