ఆల్జ్-50: మడత నెఱిగిన యాంటీబాడీ

ఆరోగ్యవంతుని మెదడులోను, ఆల్జీమర్స్ వ్యాధిచే జ్ఞాపకశక్తి నశించిన వృద్ధుని మెదడులోను ఉండునది ఒకే టౌ ప్రోటీను గదా, అట్లయిన వ్యాధిగ్రస్తమైన టౌను మాత్రమే ఒక యాంటీబాడీ ఎట్లు గుర్తుపట్టగలదని అచ్చంపేటలో ఇంటర్మీడియెట్ చదువుచున్న ఒక బాలిక అడిగినది. పరీక్షలో వచ్చు ప్రశ్న కాదు. అయినను అమెరికాలోని మహాప్రయోగశాలల మధ్య కొన్నేండ్లు వాదము నడపిన ప్రశ్నకు ఇది తోబుట్టువు.

ముందుగా ఆ యాంటీబాడీ పుట్టుక తెలియవలెను. జంతుశరీరములోనికి పరాయి పదార్థమును ఎక్కించిన, ప్లీహములోని బి-కణములు నానావిధములైన యాంటీబాడీలను కలగాపులగముగా స్రవించును. ఒక్కొక్క కణము ఒక్క విధమైన దానినే చేయును గాని, దానిని విడదీసి గాజుపాత్రలో పెంచబోయిన కొలది దినములలోనే నశించును. మైలోమా యను క్యాన్సరు కణమో, చావెఱుగదు గాని మనకు వలసిన యాంటీబాడీనియు నెఱుగదు. 1975లో కేంబ్రిడ్జియందు జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ అను నిరువురు ఈ రెండు కణములను ఒకటిగా కలిపి హైబ్రిడోమాను సృష్టించిరి. కలపుట యంత గొప్ప కాదు. కలిసినవి బహుస్వల్పము, కలియక మిగిలిన మైలోమా కణములు విచ్చలవిడిగా పెరిగి ఆ స్వల్పమును ముంచివేయును. వానిని చంపి వీనిని నిలుపుట యెట్లు? ఈ కథయంతటిలో నాకు మిక్కిలి ప్రీతికరమైన ఘట్టమిదియే.

డి.ఎన్.ఏ. నిర్మాణమునకు వలయు ముడిసరకును కణము రెండు మార్గములలో సంపాదించును: ఫోలిక్ ఆమ్లపు సాయముతో మొదటినుండి కట్టుకొనుట యొకటి, పాతదానిని ఏరుకొని హెచ్.జి.పి.ఆర్.టి. వంటి ఎంజైములతో మరల వాడుకొనుట మఱియొకటి. మైలోమా కణములకు ముందుగా 8-అజాగ్వానీన్ అను విషమును పెట్టిన, ఆ ఎంజైము గలవి విషమును సైతము ఏరుకొని చచ్చును; లేనివి బ్రతుకును. ఇట్లు రెండవ మార్గము కోల్పోయిన మైలోమాను ప్లీహకణములతో కలిపి, హైపోజాంథీన్, అమినోప్టెరిన్, థైమిడిన్ గల ‘హ్యాట్’ ద్రవములో నుంచిన, అమినోప్టెరిన్ మొదటి మార్గమును మూసివేయును. ఒంటరి మైలోమాకు ఏ దారియు లేదు. ఒంటరి ప్లీహకణమునకు ఆయువు లేదు. ప్లీహమునుండి ఎంజైమును, మైలోమానుండి అమరత్వమును వారసత్వముగా పొందిన సంకరకణమొక్కటే నిలుచును.

ఆ అమినోప్టెరిన్, భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రమందలి లెడర్లీ ప్రయోగశాలలలో నడపిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల ఫలము. దానితో రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు కొంతకాలము ఉపశమనము కలిగినదని సిడ్నీ ఫార్బర్ ప్రకటించిన 1948లోనే సుబ్బారావు కన్నుమూసెను. క్యాన్సరు మందు ప్రస్తావనలో ఆయనను తలచువారు కలరు గాని, మోనోక్లోనల్ యాంటీబాడీల పాఠములో తలచినవారిని నేను చూడలేదు.

హైబ్రిడోమా వెలసిన 1975లోనే ప్రిన్స్‌టన్‌లో వైన్‌గార్టెన్, కిర్ష్‌నర్ ప్రభృతులు, కణములోని సూక్ష్మనాళికలను కూర్చి నిలుపు టౌను కనుగొనిరి. ఈ రెండు కథలు కలిసినది న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్యకళాశాలలో. పీటర్ డేవిస్, బెంజమిన్ వోలోజిన్‌లు ఫలానా ప్రోటీను కావలెనని కోరక, ఆల్జీమర్స్ రోగుల మెదడు కణజాలమునే ఎలుకలకెక్కించి, వచ్చిన హైబ్రిడోమాలలో రోగి మెదడును గట్టిగా పట్టుకొని, ఆరోగ్యవంతుని మెదడును ఇంచుమించు విడిచిపెట్టుదానిని ఏరుకొనిరి. ఎదుటివాడు ఎవడో తెలియకయే వానిని గుర్తుపట్టు సాక్షిని సిద్ధపఱచుటవంటి ఈ పద్ధతి నాకు సాహసముగా తోచును. 1986లో ప్రకటితమైన ఆ యాంటీబాడీయే ఆల్జ్-50.

అది పట్టినది 68 కిలోడాల్టన్ల ప్రోటీను గావున దానికి ఏ-68 అని పేరిడిరి. ఇది క్రొత్తదా, టౌయే వేషము మార్చినదా యను వివాదము అంతట మొదలైనది. ఆ యేటనే గ్రుండ్కె-ఇక్బాల్ దంపతుల బృందము రోగి మెదడులోని చిక్కుముడులలో ఫాస్ఫేటు మితిమీరి చేరిన టౌ ఉన్నదని చూపగా, 1991లో వర్జీనియా లీ, జాన్ ట్రోజనోవ్‌స్కీల బృందము ఏ-68 టౌయొక్క వికృతరూపమేనని స్థాపించెను.

అయినను బాలిక ప్రశ్న మిగిలియే యున్నది. దీర్ఘతమమైన మానవ టౌలో 441 అమైనో ఆమ్లములు గలవు. ఆల్జ్-50 పట్టుకొను చోటు వాని వరుసలో ఎక్కడను ఒక్కచోట లేదని, మొదటి పదింటిలో కొంత, 312 దాటిన ప్రాంతమున కొంత యున్నదని 1996లో బైండర్, కురెట్ల పరిశోధన తేల్చెను. మొదలు వచ్చి నడిమి భాగమును తాకునట్లు టౌ ముడుచుకొన్నప్పుడే ఆ రెండు తునకలు ప్రక్కప్రక్కన చేరి ఒక చోటగును. అక్షరములు మారలేదు, మడత మారినది.

తరువాతి చరిత్రను త్వరగా ముగించెదను. 396, 404 స్థానముల ఫాస్ఫేటును చూచు పి.హెచ్.ఎఫ్-1, ఆల్జ్-50 వలెనే మడతను చూచు ఎం.సి.1, ఈ రెండును డేవిస్ ప్రయోగశాలవే. అడిగినవారి కెల్ల ఆయన ఉదారముగా పంచిపెట్టెను. 2020లో మరణించెను. ఎం.సి.1 నుండి మలచిన జాగోటెనెమాబ్ అను ఔషధము 2021లో రోగము వేగమును తగ్గించలేకపోయినది. 2025లో అమెరికా ఔషధసంస్థ అనుమతించిన రక్తపరీక్ష, 217వ స్థానమున ఫాస్ఫేటు గల టౌను అమైలాయిడ్ అను మఱియొక ప్రోటీనుతో పోల్చి చూచును. అదియు ఫాస్ఫేటు గుర్తునే గాని మడతను చూడదు, మడతను చూడవలసిన పరిశోధకులు నేటికిని ఎం.సి.1నే తీసికొనుచున్నారు.