తెచ్చి వదిలితే చాలదు: అడవి గుర్రాల పునఃప్రవేశం – అపోహలు, వాస్తవాలు

ఒక జంతువు తన సొంత నేల మీద కనుమరుగైనప్పుడు, జంతు ప్రదర్శనశాలల్లోనో మరో అడవిలోనో మిగిలిన దాని సంతతిని తెచ్చి మళ్ళీ ఆ నేల మీద నిలబెట్టే ప్రయత్నాన్ని పునఃప్రవేశం అంటారు. జంతువు పూర్తిగా పోకపోయినా సంఖ్య బాగా తగ్గిపోయి, ఉన్న కొద్దిపాటివీ తమలో తామే జతకడుతూ తరతరానికీ బలహీనపడుతున్నప్పుడు బయటి నుంచి కొత్త రక్తాన్ని తెచ్చి కలపడాన్ని సంతతిని బలపరచడం అంటారు. మొదటిదానికి ప్రపంచమంతా చెప్పుకొనే ఉదాహరణ మంగోలియా అడవి గుర్రం కాగా, రెండోదానికి ఉదాహరణ ఖరగ్‌పూర్ పరిసరాలకే నడిచి వచ్చింది. 2024 నవంబరులో మహారాష్ట్రలోని తాడోబా పులుల అభయారణ్యం నుంచి ఒడిశాలోని సిమ్లిపాల్ పులుల అభయారణ్యానికి తెచ్చి వదిలిన జీనత్ అనే ఆడపులి, కొద్దిరోజులకే జార్ఖండ్ మీదుగా బెంగాల్‌లోకి ప్రవేశించి, ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్ తెలుగువారికి పొరుగు జిల్లా అయిన ఝార్‌గ్రామ్ అడవుల్లో తిరిగింది. గుర్రమైనా పులైనా, ఇటువంటి ప్రయత్నాల చుట్టూ అల్లుకున్న అపోహలు మాత్రం ఇంచుమించు ఒకటే.

అపోహ: జీను, కళ్ళెం లేకుండా స్వేచ్ఛగా తిరిగే గుర్రమల్లా అడవి గుర్రమే.

వాస్తవం: అమెరికా మైదానాల్లోని ముస్తాంగులు గానీ, అస్సాంలోని డిబ్రూ–సైఖోవా జాతీయ ఉద్యానంలో మందలుగా తిరిగే గుర్రాలు గానీ ఒకప్పుడు మనిషి పెంచి వదిలేసిన గుర్రాల సంతానమే తప్ప అడవి జాతి కాదు. నేడు అడవి గుర్రంగా లెక్కకు వచ్చేది మంగోలులు తాఖీ అని పిలిచే ఒక్క రకమే. రష్యన్ అన్వేషకుడి పేరు మీద శాస్త్రజ్ఞులు దీనిని ప్రజెవాల్‌స్కీ గుర్రం అంటారు. పొట్టిగా బలిష్ఠంగా ఉండే ఈ గుర్రానికి ఒళ్ళు ఇసుక రంగులోనూ మూతి తెల్లగానూ ఉంటాయి. మెడ మీది జూలు పక్కకు వాలకుండా నిక్కబొడుచుకుని నిలబడుతుంది, పెంపుడు గుర్రానికి కళ్ళ మీద పడే ముంగురులు దీనికి ఉండవు. కణంలో వంశలక్షణాలను మోసే క్రోమోజోములు పెంపుడు గుర్రంలో 64 ఉంటే తాఖీలో 66 ఉంటాయి, అయినా రెండింటికీ పుట్టిన పిల్లలకు మళ్ళీ సంతానం కలుగుతుంది. అందుకే పశుపోషకుల గుర్రాలతో కలిసి తాఖీ తన జాతి లక్షణాన్ని పోగొట్టుకునే ప్రమాదం మంగోలియాలో నేటికీ ఉంది. కజకిస్తాన్‌లోని బొటాయ్ వద్ద ఐదున్నర వేల ఏళ్ళ కిందట మచ్చిక చేసిన గుర్రాల వారసులే తాఖీలని 2018లో ఒక జన్యు పరిశోధన వాదించగా, బొటాయ్ గుర్రాలను అసలు మచ్చికే చేయలేదని 2021లో మరికొందరు శాస్త్రజ్ఞులు ఖండించారు. ఆ వివాదం ఎటు తేలినా, వేల ఏళ్ళుగా మనిషి పోషణ లేకుండా బతికిన జంతువును కాపాడవలసిన అవసరం తగ్గదు.

అపోహ: చివరిసారి ఎక్కడ కనిపించిందో అదే ఆ జంతువుకు అన్నివిధాలా తగిన నేల.

వాస్తవం: తాఖీ అడవిలో చివరిసారిగా 1969లో మంగోలియా నైరుతి మూలన ఉన్న జుంగారియా గోబీ ఎడారిలో కనిపించింది కాబట్టి, గోబీయే దాని ఇల్లని చాలాకాలం భావించారు. 1992లో జంతు ప్రదర్శనశాలల సంతతిని మంగోలియాకు తిరిగి చేర్చినప్పుడు రెండు చోట్లను ఎంచుకున్నారు: ఒకటి గోబీలోని తాఖిన్ తాల్, రెండోది రాజధాని ఉలాన్‌బాతర్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో గడ్డి కొండలతో నిండిన హుస్తాయ్. ఎడారి వైపు కష్టం 2009–10 శీతకాలంలో బయటపడింది. ఎండాకాలపు కరువు తర్వాత దట్టమైన మంచు, గడ్డకట్టించే చలి కలిసి పశువులను మందలు మందలుగా బలిగొనే విపత్తును మంగోలులు జుద్ అంటారు. ఆ ఏడాది జుద్‌లో గోబీలోని 137 తాఖీల్లో దాదాపు మూడింట రెండు వంతులు చనిపోయాయి. అదే ఎడారిలోని అడవి గాడిదలకు మాత్రం అంత నష్టం కలగలేదు, ఎందుకంటే అవి వేల చదరపు కిలోమీటర్ల మేర తిరుగుతూ మంచు పలచగా ఉన్న వైపుకు జరిగిపోయాయి. తాఖీలు తమకు తెలిసిన చిన్న పరిధిని వదలకుండా గిట్టలతో మంచును తవ్వుకుంటూ అక్కడే నీరసించిపోయాయి. మనుషులు, పశువుల మందలు మంచి పచ్చికబయళ్ళను ఆక్రమించగా తాఖీలు తలదాచుకున్న అంచు గోబీ అనీ, వాటి అసలు నెలవు గడ్డి మైదానమేననీ శాస్త్రజ్ఞుల్లో బలపడిన అభిప్రాయానికి ఈ సంఘటన తోడైంది. హుస్తాయ్‌కి 1992 నుంచి 2000 వరకు తెచ్చినవి 84 గుర్రాలు కాగా, నేడు అక్కడి గుర్రాలు మూడు వందలు దాటాయి.

అపోహ: బోను తలుపు తీస్తే చాలు, అడవి జంతువుకు అడవి తానే తెలిసిపోతుంది.

వాస్తవం: కొన్ని తరాలుగా పెట్టిన మేత తిని పెరిగిన జంతువుకు తోడేలు వాసన గానీ, నీటి జాడ గానీ, ఆ ప్రాంతపు రోగాలను తట్టుకునే శక్తి గానీ వారసత్వంగా రావు. యూరప్ నుంచి గోబీకి వచ్చిన తొలి గుర్రాల్లో కొన్ని, అక్కడి పిడుదుల ద్వారా సోకి ఎర్రరక్తకణాలను నాశనం చేసే పైరోప్లాస్మోసిస్ వ్యాధితో చనిపోయాయి. అందుకే విశాలమైన కంచె ఆవరణలో ఏడాదో రెండేళ్ళో ఉంచి, మగ గుర్రం కింద ఆడగుర్రాలూ పిల్లలూ ఒక కుటుంబంగా కుదురుకున్నాకనే వాటిని బయటికి వదులుతారు. ఈ మెల్లని పద్ధతికి మృదు విడుదల అని పేరు. తెలుగు నేల మీద దీనికి చక్కని ఉదాహరణ మూషిక జింక. పేరులో జింక ఉన్నా కొమ్ములు లేని, కుందేలు పాటి పరిమాణం మించని, ఎక్కువగా రాత్రిపూట తిరిగే ఈ గిట్టల జంతువును హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి (సీసీఎంబీ) చెందిన ల్యాకోన్స్ పరిశోధనశాల 2010 నుంచి నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో పెంచి, 2017లో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ముందుగా కంచె లోపల అలవాటు చేసి వదిలింది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం జాబితాలో మూషిక జింకకు తక్షణ ప్రమాదమేమీ లేదని నమోదై ఉన్నా, ఒక అడవిలో అరుదైపోయిన జంతువు ఆ అడవికి లేనట్టేనన్న దృష్టితో చేసిన పని ఇది.

అపోహ: ఒక జంట మిగిలినా చాలు, మంద దానంతటదే పెరుగుతుంది.

వాస్తవం: సంఖ్య పెరగవచ్చు గానీ సత్తువ పెరగదు. నేడు ప్రపంచంలోని సుమారు రెండు వేల తాఖీలూ దాదాపు డజను అడవి గుర్రాల సంతానమే. అడవిలో పట్టుకున్న చివరి ఆడగుర్రం ఓర్లిత్సా 1947లో దొరికింది. మేనరికాల మీద మేనరికాలు కలుపుకుంటూ పోయిన వంశంలో లోపాలు పైకి తేలినట్టే, ఇంత తక్కువ మూలాల నుంచి వచ్చిన మందలోనూ తేలుతాయి. ప్రాగ్ జంతు ప్రదర్శనశాల 1959 నుంచి ప్రతి గుర్రానికీ వంశావళి పుస్తకం నిర్వహిస్తూ ఏది దేనితో జతకట్టాలో నిర్ణయించడానికి కారణం ఇదే. 1980లో శీతలీకరించి దాచిన ఒక మగ గుర్రం కణం నుంచి 2020లో అమెరికాలో క్లోనింగ్ ద్వారా కర్ట్ అనే పిల్లను పుట్టించిన ఉద్దేశం కూడా సంఖ్యను ఒకటి పెంచడం కాదు, వంశంలో పలచబడిన జన్యువులను మళ్ళీ మందకు అందించడం. సిమ్లిపాల్ పరిస్థితీ ఇదే: అక్కడి పులులు చాలాకాలంగా ఇతర పులులకు దూరమై పోవడంతో, చారలు వెడల్పై కలిసిపోయి ఒళ్ళు నల్లగా కనిపించే లక్షణం వాటిలో అసాధారణంగా పెరిగింది. అందుకే తాడోబా నుంచి ముందు జమునా అనే ఆడపులి, తర్వాత జీనత్ వచ్చాయి.

అపోహ: ఏ జాతి తగ్గినా బయటి నుంచి తెచ్చి వదలడమే మందు.

వాస్తవం: అది ఆఖరి మార్గమే. గుర్రానికి దగ్గరి చుట్టమైన భారతీయ అడవి గాడిద 1960ల్లో వ్యాధుల వల్ల కొన్ని వందలకు పడిపోయినా, గుజరాత్‌లోని చిన్న కచ్ఛ్ రణ్‌లో 1973లో అభయారణ్యం ఏర్పడ్డాక ఒక్క గాడిదను కూడా విమానంలో తేనక్కరలేకుండానే కోలుకుంది. 2024 లెక్కింపులో 7,672 నమోదయ్యాయి. ఉన్నచోటనే కాపాడుకోవడం ఎంత చవకో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

అపోహ: వదిలిన జంతువు హద్దు దాటిందంటే పథకం విఫలమైనట్టే.

వాస్తవం: కొత్త నేల మీద దిగిన జంతువు ముందుగా ఆ నేలను కొలుచుకుంటుంది, పటంలోని జిల్లా సరిహద్దులు దానికి పట్టవు. జీనత్ దాదాపు మూడు వారాలు మూడు రాష్ట్రాల అడవుల్లో తిరిగి, మెడకు కట్టిన రేడియో కాలర్ సంకేతాల ఆధారంగా అటవీ సిబ్బంది వెంబడించగా, డిసెంబరు 29న బాంకురా జిల్లాలో మత్తు ఇంజెక్షన్‌కు చిక్కి, ఎవరికీ హాని చేయకుండా, తానూ హాని పొందకుండా సిమ్లిపాల్ చేరింది. ఇదే ప్రాంతంలో 2018 మార్చిలో లాల్‌గఢ్ అడవిలో కెమెరాకు చిక్కిన పులికి అంత అదృష్టం దక్కలేదు. ఆ ఏప్రిల్‌లో వేటగాళ్ళ బల్లేలకు గురై బాఘ్‌ఘొరా అడవిలో శవమై దొరికింది. ఈ రెండు ముగింపుల మధ్య తేడాకు కాలర్ కొంత కారణమైతే, చుట్టుపక్కల గ్రామాలూ పట్టణాలూ ఎలా ప్రవర్తించాయన్నది మిగతా కారణం. దల్మా కొండల ఏనుగులకు అలవాటుపడిన, ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో ఇకముందూ ఇటువంటి అతిథులు రావచ్చు. వచ్చినప్పుడు ఫోన్ పట్టుకుని గుంపుగా అడవి అంచుకు పరుగెత్తకుండా, కనిపించిన చోటును దగ్గరి అటవీ కార్యాలయానికి తెలిపి ఇంటి దారి పట్టడం ఝపటాపూర్ వాసులు చేయగల ఉపకారం.