స్విచ్‌ల స్టాక్‌లో ఉమ్మడి విద్యుత్తు: పంపకం, నిల్వ, ప్రాధాన్యక్రమం

వ్యాససంగ్రహం: నెట్‌వర్క్ స్విచ్‌లు తమ విద్యుత్తును పరస్పరం పంచుకొనే విధానాన్ని సిస్కో సంస్థ రూపొందించిన ‘స్టాక్‌పవర్’ ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది. విద్యుత్తును పంచుకోవడం, నిల్వ ఉంచడం వేర్వేరు నిర్ణయాలనీ, కొరతలో ఏది ముందుగా ఆగాలో సంస్థే నిర్ణయించుకోవాలనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్విచ్, స్టాక్, ఉమ్మడి విద్యుత్తు, ప్రాధాన్యక్రమం, కొల్లేరు.

1. ఉపోద్ఘాతం

1945 నాటి ఏలూరు సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల మొదలు 2015లో తాడేపల్లిగూడేనికి వచ్చిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వరకు ఈ ప్రాంతంలో విద్యాప్రాంగణాలు అనేకం. నేటి ప్రాంగణాలలో హాజరు, పరీక్షలు, గ్రంథాలయసేవలు నెట్‌వర్కుతో ముడిపడి ఉంటాయి. కంప్యూటర్లను, వైఫై పరికరాలను, కెమెరాలను, ఫోన్లను అనుసంధానించే యంత్రమే స్విచ్. కొన్ని స్విచ్‌లను కేబుళ్లతో కలిపి ఒకే యంత్రంలా పనిచేయించే కూర్పు స్టాక్.

‘పవర్ ఓవర్ ఈథర్నెట్’ పద్ధతిలో స్విచ్ సమాచారంతోపాటు విద్యుత్తును కూడా ఒకే తీగలో పంపుతుంది. ఒక్కొక్క పోర్టుకు 2003 నాటి ప్రమాణం 15.4 వాట్లను, 2009 నాటి ప్రమాణం 30 వాట్లను అనుమతించాయి. కనుక స్విచ్‌లో విద్యుత్తు కొరవడితే దానిపై ఆధారపడిన ఫోన్లు, కెమెరాలు కూడా ఆగిపోతాయి.

2. పంపకం, నిల్వ

బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరుల నీరు కొల్లేటిలో ఒక్కటవుతుంది. స్టాక్‌పవర్‌లోనూ నాలుగు స్విచ్‌ల వరకు ప్రత్యేక విద్యుత్ కేబుళ్లతో వలయంగా కలిపి, వాటి పవర్ సప్లైల శక్తిని ఒకే నిధిగా మారుస్తారు. సమాచారం ప్రవహించే స్టాక్ కేబుళ్లు వీటికి భిన్నమైనవి.

నాలుగు స్విచ్‌లకు ఒక్కొక్కటి చొప్పున 715 వాట్ల పవర్ సప్లైలు ఉన్నాయనుకుందాం. మొత్తం నిధి స్థూలంగా 2860 వాట్లు. పంపక పద్ధతిలో ఇదంతా వాడకానికి లభ్యమవుతుంది. వాస్తవ వినియోగం 2400 వాట్లుండగా ఒక సప్లై చెడితే మిగిలేది 2145 వాట్లే. 255 వాట్ల లోటును పూడ్చడానికి కొన్ని పరికరాలు ఆగక తప్పదు. నిల్వ పద్ధతిలో అన్నింటికంటె పెద్ద సప్లై శక్తిని ముందుగానే మినహాయిస్తారు. అప్పుడు 2145 వాట్లకు మించి కేటాయింపు జరగదు. కొన్ని పరికరాలకు మొదటినుంచే విద్యుత్తు అందకపోవచ్చు. అయితే ఒక సప్లై చెడినా నడుస్తున్నవి ఆగవు.

3. ప్రాధాన్యక్రమం

డెల్టా కాలువల్లో నీరు చాలనప్పుడు వంతులు ఏర్పరుస్తారు. స్టాక్‌పవర్‌లో వంతుకు బదులు ప్రాధాన్యసంఖ్య ఉంటుంది. అది 1 నుంచి 27 వరకు ఉండవచ్చు; చిన్న సంఖ్యకు ప్రాధాన్యం ఎక్కువ, పెద్ద సంఖ్య గలవి ముందుగా ఆగుతాయి. సహజంగా స్విచ్‌లకు 1–9, ముఖ్యమైన పోర్టులకు 10–18, తక్కిన పోర్టులకు 19–27 సంఖ్యలు కేటాయితమవుతాయి. అయితే ఎవరూ మార్చనంతవరకు పోర్టులన్నీ తక్కువ ప్రాధాన్యం గలవే. వసతిగృహంలోని అత్యవసర ఫోనుకూ, వరండాలోని వైఫైకీ గల భేదం యంత్రానికి తెలియదు, మనిషే తెలియజెప్పాలి.

4. పరిమితి

స్టాక్‌పవర్ విద్యుత్తును పంచుతుందేగాని ఉత్పత్తి చేయదు. సప్లైలన్నీ ఒకే లైనుకు తగిలించి ఉంటే, కరెంటు పోయినప్పుడు నిధి మొత్తం ఒకేసారి ఖాళీ అవుతుంది. కొల్లేటి పరిసరాల చేపల, రొయ్యల రైతు ఏరేటర్లు ఎన్ని ఉన్నా గట్టుమీద జనరేటర్ కూడా ఉంచుకొనేది ఇందుకే. కాబట్టి కొన్ని సప్లైలను ఒక యూపీఎస్‌కు, మిగిలినవాటిని మరొక యూపీఎస్‌కు కలపడం అవసరం.

ముగింపు

• పంపక పద్ధతి ఎక్కువ పరికరాలను నడుపుతుంది. నిల్వ పద్ధతి నడుస్తున్నవాటిని కాపాడుతుంది.
• ప్రాధాన్యక్రమ నిర్ణయం సాంకేతిక నిపుణునికి మాత్రమే విడిచిపెట్టదగినది కాదు. ఏ సేవ ఆగితే ఎవరికి నష్టమో ఎరిగిన అధ్యాపకులకు, వసతిగృహ నిర్వాహకులకు అందులో భాగం ఉండాలి.
• సప్లైలకు వేర్వేరు విద్యుత్ మార్గాలు లేనప్పుడు ఉమ్మడి నిధి పూర్తి రక్షణ కాజాలదు.