సీమకు దగిన కచ్చేరి

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించినప్పుడు కర్నూలు రాజధాని యయ్యెను. పట్టణమున చాలినన్ని భవనములు లేకపోవుటచే కచ్చేరీలు కొన్ని గుడారములలో నడచినవి. మూడేండ్లు నిండి యొక మాసము గడచునప్పటికి, 1956 నవంబరు 1వ తేదీన, రాజధాని హైదరాబాదునకు తరలిపోయెను. 2022 ఏప్రిలులో కర్నూలు జిల్లానుండి నంద్యాల జిల్లా విడిపోయినప్పుడు మరల బల్లలు, బీరువాలు, దస్త్రములు బండ్ల కెక్కినవి. కచ్చేరి పుట్టుట, పెరుగుట, తరలుట సీమవారికి వింత కాదు. అయినను మనము కట్టు ప్రతి కచ్చేరియు, నేటి శాఖలే నూఱేండ్లు నేటి తీరుననే యుండునన్నట్లు, చిన్న చిన్న గదులుగా గోడలతో బిగింపబడుచున్నది.

గోడలు తీసివేసి యందఱను ఒకే విశాలమైన శాలలో కూర్చుండ బెట్టు పద్ధతి యిప్పుడు ప్రబలుచున్నది. ఇది క్రొత్తది కాదు. 1950 దశకము చివర జర్మనీలో హాంబర్గు సమీపమున క్విక్‌బోర్ననుచోట ష్నెల్లె సోదరులు, కాగితము ఎవరినుండి యెవరికి పోవునో గమనించి, ఆ క్రమముననే బల్లలు వేయించిరి. 1960 దశకమున అమెరికాలో రాబర్టు ప్రోప్‌స్టు కావలసినట్లు మార్చుకొనదగిన బల్లలు, అరలు, అడ్డుతెరలు కల్పించెను. వర్తకులు వానినే ఇఱుకు గూళ్లుగా మార్చివేసిరి. ఇక శాలలో మాటామంతి పెరుగునను వాదమును 2018లో హార్వర్డు పరిశోధకులు పరీక్షించిరి. వారు చూచిన రెండు సంస్థలలోను ఎదురుబదురు సంభాషణ సుమారు 70 శాతము తగ్గినదని తేలెను. చాటు లేనిచోట మనుష్యుడు మౌనమునే చాటుగా చేసికొనును గాబోలు. కావున శాల వలయును. దానిలో తలుపు వేసికొని మాటలాడుటకు రెండు మూడు గదులును వలయును. తన భూమి తగవును చెప్పుకొన వచ్చిన రైతు నలువదిమంది చెవుల నడుమ నోరు విప్పగలడా?

మా ముఖ్యమైన ఆక్షేపణ అద్దముల గూర్చి. శీతలదేశమువారు ఎండకు మొగము వాచి అద్దపుగోడలు కట్టుకొనిరి. కర్నూలున వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుట సామాన్యము. పడమటి యెండ అద్దము చొచ్చి లోనికి వచ్చును, వేడిమి వెలికి పోదు. దానిని వెడలగొట్టుటకు శీతలయంత్రము పగలెల్ల పనిచేయవలయును. కర్నూలు సౌరవిద్యుత్ క్షేత్రమున 1000 మెగావాట్ల శక్తి యుత్పత్తి యగుచున్నదని కొందఱు సమాధానము చెప్పుదురు. బావిలో నీరున్నదని చిల్లికుండతో తోడుదుమా?

మన పల్లెలలోని మిద్దెను చూడుడు. రాయి, మట్టి కలిపి కట్టిన దళసరి గోడలు. దూలములు, దంతెలు, వానిపై మందముగా పఱచిన చవుడు మన్ను. వెలుతురు దిగుటకు పైకప్పులో గవాక్షి. పగటి వేడిమి ఆ మన్నును దాటి లోనికి వచ్చుసరికి ప్రొద్దుగూకును. అందుచేతనే వేసవి రాత్రులు జనులు లోపల నిద్రింపలేక మిద్దెపై పడుకొందురు. ఇంటికి దోషమైన యీ గుణము కచ్చేరికి వరము! అచ్చట రాత్రి నిద్రించువారు లేరు. సాయంకాలము మూసిపోవునప్పుడు ఎత్తున నున్న కిటికీలు తెఱచి విడిచినచో, తెల్లవారులోపల గోడలు చల్లబడును. చవుడు మన్నే వేయుడని మేము చెప్పుట లేదు. గోడ మందము, పైకప్పు మందము, రాత్రి గాలి యను మూడును విడువవలదనుచున్నాము.

శాలను మిక్కిలి వెడల్పుగా కట్టరాదు. కిటికీ యెత్తునకు రెండింతల దూరము దాటిన పిమ్మట పగటి వెలుతురు పనికి చాలదు. నడుమ కూర్చున్నవారికి పట్టపగలు దీపము వలసివచ్చును. శాల నడుమ ఆకాశము కనబడు ముంగిలి యున్నచో ఈ చిక్కు తీఱును. పడమటి వైపున దస్త్రపు గదులు, మెట్లు, మరుగుదొడ్లు వరుసగా నుంచినచో ఎండదెబ్బ మనుష్యులకు తగులక వానికి తగులును. దస్త్రములను మాత్రము నేలయంతస్తున నుంపరాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు వీథులలో ప్రవహించిన సంగతి యెవరు మఱచిరి?

నేలకు దూరదేశపు రాయి తెప్పింప నేల? కడప నల్లబండ, బేతంచెర్ల బండ మన యింటిసొమ్ము. వేసవిలో పాదమునకు చల్లగా నుండును. విద్యుత్తీగలు, కంప్యూటరు తీగలు పోవు కాలువలను నేలలోనే విడిచి, వానిపై బండలను సున్నముతో బిగింపక మూతలుగా పఱచినచో, బల్ల యెచ్చటికి జరిగిన అచ్చటికి తీగ వచ్చును. గోడ పగులగొట్ట పనిలేదు. ఈ బండకు రెండు లోపములున్నవి. నిమ్మరసము పడిన మచ్చపడును. ధ్వనిని మ్రింగక తిరుగగొట్టును. నలువదిమంది కూర్చున్న రాతిశాల సంతవలె మ్రోగును. దీనికి విరుగుడును సీమలోనే కలదు. కురుబవారు నేయు గొఱ్ఱెబొచ్చు కంబళ్లను చట్రములకు బిగించి, ఆళ్లెత్తు అడ్డుతెరలుగా నిలిపినచో ధ్వనిని త్రాగివేయును. వానికి చక్రములు పెట్టినచో శాఖ పెరిగిననాడు ముందునకు, తగ్గిననాడు వెనుకకు త్రోయవచ్చును. నేతగానికి పనియు దొరకును.

ఏటికి 700 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వాన కురియు ఈ రెండు జిల్లాలలో, కప్పుపై బడిన నీరు మోరీపాలు కాగూడదు. ముంగిలి క్రింద తొట్టి కట్టి నిలుపవలయును. ముంగిట నొక వేపచెట్టున కంతమాత్రము చాలును.

కడపటి మాట వచ్చిపోవువారి గూర్చి. ఇంజనీర్ల పటములలో గుమాస్తాకు ఎన్ని చదరపుటడుగులో లెక్క యుండును. అర్జీదారునకు ఎన్ని యని యడిగిన సమాధానముండదు. ఆలూరునుండియో, పులివెందుల ప్రక్క పల్లెనుండియో తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన ముదుసలి, అధికారి పిలుచువఱకు ఎండలో గోడవారగా నిలువబడుట మేము పలుమాఱు చూచితిమి. ఉత్తరపు వైపున పొడవైన పంచ, అందులో నల్లబండ అరుగు, త్రాగుటకు కుండనీరు, అర్జీ వ్రాసికొనుటకు ఒక బల్ల: వీనికయ్యెడు వ్యయము ముఖద్వారమునకు వేయు అద్దములలో ఎన్నవ వంతో, గుత్తకు పిలుచుటకు ముందే లెక్కకట్టి ప్రకటింపవలసినదిగా రెండు జిల్లాల అధికారులను కోరుచున్నాము.