ఆసుపత్రిలో అన్నం తినే గది

ఆసుపత్రి అనగానే మనకి మంచాలూ, మందు సీసాలూ, సూదులూ గుర్తొస్తాయి. మరి అక్కడ పనిచేసేవాళ్లు ఎక్కడ కూర్చుని అన్నం తింటారో ఎప్పుడైనా ఆలోచించారా? ఇవాళ ఆ గది గురించే చెబుతాను.

2020లో మా ఆడపడుచు కూతురు మా ఇంట్లో ఉండి, రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేసేది. డ్యూటీ నించి రాగానే పిల్లని గుమ్మంలో నిలబెట్టి, టిఫిన్ క్యారియరు సబ్బునీళ్లలో ముంచి ఎండలో బోర్లించేదాన్ని. పాలప్యాకెట్లనీ, వంకాయల్నీ కూడా వదల్లేదు. అంత చేసినా దానికి కోవిడ్ రానే వచ్చింది. "వార్డులో ఒళ్లంతా కప్పుకునే ఉంటాం అత్తయ్యా. మాస్కు తీసేది అన్నం గదిలోనే. తలుపులేసుకుని, ఏసీ పెట్టుకుని, నలుగురం ఒకే బల్ల దగ్గర తింటాం" అంది. ఎక్కడ అంటుకుందో ఎవరం చెప్పగలం? కాని ఆ మాట నాకు మనసులో నిలిచిపోయింది.

రోగిని ముట్టుకున్నాక చేతులు కడుక్కోవడం వాళ్లకి అలవాటే. అన్నం గదికి రాగానే ఆ జాగ్రత్త సడలుతుంది. తలుపు గొళ్లెం, కుళాయి, ఫ్రిజ్ పిడి, టెలిఫోను, అందరూ సంతకాలు పెట్టే పెన్ను... ఇవన్నీ పదిమంది చేతులు పడేవే. కోవిడ్ రోజుల్లో చాలా దేశాల ఆసుపత్రుల్లో సిబ్బంది గదుల్లో ఇలాంటి వస్తువుల్ని దూదిపుల్లతో తుడిచి పరీక్షిస్తే వైరస్ జాడలు కనిపించాయి.

అయితే జాడ వేరు, ప్రాణమున్న వైరస్ వేరు. ఎంగిలి విస్తరి చూసి ఇక్కడెవరో భోంచేశారని చెప్పగలం గాని, తిన్న మనిషి ఇంకా అక్కడే ఉన్నాడని చెప్పలేం కదా! ఇంకో సంగతి. పాలలో తోడు వేస్తే అందులోని సూక్ష్మజీవులు రాత్రికి రాత్రి పెరుగుతాయి. వైరస్ అలా కాదు. బతికున్న కణంలో తప్ప పెరగదు. బల్లమీద పడితే తరుగుతూ పోతుంది. కోవిడ్ వైరస్ రాగిమీద 4 గంటలు, అట్టమీద ఒక రోజు, ప్లాస్టిక్, స్టీలు మీద 3 రోజుల దాకా నిలిచిందని 2020లో అమెరికా ప్రయోగశాలలో తేల్చారు. వేడిలో త్వరగా, చల్లటి గదిలో నెమ్మదిగా నశిస్తుంది.

2021లో అమెరికా ఆరోగ్యశాఖ వారు, కోవిడ్ సోకిన వస్తువుని ఒకసారి ముట్టుకుంటే జబ్బు అంటే అవకాశం 10,000లో ఒకటి కన్నా తక్కువన్నారు. హైదరాబాదు సి.సి.ఎం.బి. వారు ఆసుపత్రుల్లో కోవిడ్ రోగులున్న గదుల గాలిలోనే ఆ వైరస్‌ని పట్టుకున్నారు. అంటే నేను క్యారియరుని తోముతూ కూర్చున్నాను గాని, అసలు ప్రమాదం ఆ మూసిన గది గాలిలో ఉందన్నమాట!

అలాగని తుడవడం మానెయ్యమనడం లేదండోయ్. కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి వైరస్ ఎండిన రక్తపు మరకలో 7 రోజులైనా నిలుస్తుంది. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి శానిటైజరు అంతగా పనిచెయ్యదు. సబ్బూ నీళ్లే దానికి మందు.

మీ ఇంట్లోనూ ఆసుపత్రికి వెళ్లొచ్చే కూతురో కోడలో ఉంటే మూడు మాటలు చెప్పండి. అన్నానికి ముందు చేతులు సబ్బుతో కడుక్కోమనండి. జబ్బులు ముమ్మరంగా ఉన్నప్పుడు కిటికీ తీసి, వంతులవారీగా తినమనండి. సెల్‌ఫోను బల్లమీద పెట్టి, దాన్ని తాకిన చేత్తో ముద్ద కలపొద్దనండి. ఇంట్లో బ్లీచింగు వాడితే ముందు మురికి తుడిచి, ఆ తరవాత రాయండి. దాన్ని యాసిడ్‌తో మాత్రం కలపకండి, విషవాయువు వస్తుంది.

మా పిల్ల కోలుకుంది, మళ్లీ డ్యూటీకి వెళ్లింది. పగలల్లా పదిమందికి సేవచేసి వచ్చిన దాన్ని గుమ్మంలో నిలబెట్టానే అని తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. మీరలా చెయ్యకండి. చేతులు కడుక్కోమని, లోపలికి పిలిచి అన్నం పెట్టండి. ఉంటానండీ.