కుళాయి నీటిలో సీసమెంత?

2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో పెద్ద సభ జరిగింది. విశాఖ నగరంలో సొంతిల్లు లేని లక్షమందికి పైగా ఆడవాళ్లకు ఇళ్ల పట్టాలిచ్చిన సభ అది. ఆ వేదిక మీదే అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి మరో హామీ ఇచ్చారు. పొరుగునున్న పరవాడ మండలంలోని తాడి గ్రామాన్ని వేరే చోటికి తరలిస్తామని, అందుకు 56 కోట్ల రూపాయలు ఖర్చు చేస్తామని చెప్పారు.

తాడికి వరద రాలేదు, సముద్రం ముంచలేదు. ఊరిని ఆనుకుని రెండు వేల ఎకరాలకు పైగా ఫార్మాసిటీ వచ్చింది. ఆ తరువాత బోరు నీళ్లు నోట్లో పెట్టుకునేలా లేవని, రాత్రిపూట ఘాటు వాసనలకు ఊపిరాడటం లేదని ఆ ఊరివాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. ధర్నాలు చేశారు, కలెక్టరేట్ మెట్లెక్కారు. చివరికి ఊరే లేచిపోతామన్నారు. పుట్టి పెరిగిన ఊరిని వదిలేస్తామని జనమే అడిగారంటే నీళ్లు ఏ స్థితికి వచ్చి ఉండాలి? హామీ వచ్చాక రెండేళ్లు గడిచినా తాడి అక్కడే ఉండిపోయింది.

తాడివాళ్ల పోరాటానికి ఒక్క ఆధారమైనా ఉంది. వాళ్ల కష్టం ముక్కుకు తెలుస్తుంది, నాలుకకు తెలుస్తుంది. అలా తెలియని విషం ఇంకొకటుంది, సీసం. దానికి రంగు లేదు, వాసన లేదు, నీటి రుచి మారదు. బిందెలో నీళ్లు తేటగా మెరుస్తూనే ఉంటాయి. చిల్లగింజ అరగదీసి కలిపితే బురద అడుక్కి దిగుతుందని మన పెద్దవాళ్లకు తెలుసు. దాన్ని నమ్ముకుని సీసం పోయిందనుకోలేం. కాచి తాగితే క్రిములు చస్తాయి, సీసం మాత్రం పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది.

విశాఖకు సీసం కొత్త చుట్టం కాదు. మత్స్యకారుల వలలకు కట్టేది సీసపు గుళ్లే. గాజువాక పక్కన మిందిలో హిందుస్థాన్ జింక్ కర్మాగారం 1977లో మొదలైంది. అప్పట్లో అది కేంద్ర ప్రభుత్వ సంస్థ. అక్కడ జింకుతో పాటు సీసం కూడా కరిగించారు. అప్పటి గుంటూరు జిల్లా అగ్నిగుండాల దగ్గరి బండ్లమోటు గనుల్లో తవ్విన సీసపు ఖనిజం ఇక్కడికే వచ్చేది. 2002లో సంస్థ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. 2012లో మిందిలో ఉత్పత్తి ఆగిపోయింది. గేటు ముందు కార్మికులు ఉపాధి కోసం ఆందోళన చేశారు. వాళ్ల బాధ న్యాయమైనదే. పొయ్యి ఆరిపోయినంత మాత్రాన నేలలో కలిసిన లోహం మాయమైపోదు. సీసం కుళ్లదు, ఆవిరి కాదు, మట్టిని పట్టుకుని తరాలపాటు ఉండిపోతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక వాడలకు కాలుష్య సూచీ లెక్కగట్టినప్పుడు విశాఖపట్నానికి 70.82 వచ్చింది. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతమని అర్థం. 2010 జనవరిలో అలాంటి చోట్ల కొత్త పరిశ్రమల అనుమతులు ఆపేశారు.

మింది నేలలోని లోహం సబ్బవరం నూతిలోకి నడిచి రాదు. భూగర్భజలం వాలును బట్టి పారుతుంది, ఊహను బట్టి కాదు. లేనిపోని భయం పెట్టడం నా ఉద్దేశం కాదు. సబ్బవరం సంగతి వేరు. అనకాపల్లి–ఆనందపురం ఆరు వరుసల రహదారి, న్యాయ విశ్వవిద్యాలయం, వంగలి దగ్గర పెట్రోలియం విద్యాసంస్థ, ఎటు చూసినా లేఅవుట్లు. పల్లె పట్నమవుతోంది. ప్రతి లేఅవుట్లో కొత్త బోరు, కొత్త ట్యాంకు, కిలోమీటర్ల కొద్దీ కొత్త గొట్టాలు. సీసం ఇంట్లోకి వచ్చే దారుల్లో ఆ గొట్టాలు కూడా ఒకటి. మన దేశంలో పీవీసీ పైపులు వేడికి పాడవకుండా ఏళ్లపాటు సీసపు లవణాలు కలిపి తయారుచేశారు. కొత్త గొట్టంలో రాత్రంతా నిలిచిన నీళ్లలోకి అది దిగుతుంది. ఇత్తడి కుళాయిల్లో, అతుకుల్లో కూడా సీసం ఉండవచ్చు. పైపుల్లో సీసం వాడకాన్ని దశలవారీగా మాన్పించే ప్రమాణాలు తెమ్మని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో కేంద్రానికి చెప్పింది. అంతకుముందే భూమిలో పాతేసిన పైపుల మాటేమిటి? అవి ఇప్పుడూ నీళ్లు మోస్తూనే ఉన్నాయి.

సీసం ఒంట్లోకి వెళ్లాక చేసే పని ఇంకా దారుణం. శరీరం దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. సీసమున్న నీళ్లు తాగి పెరిగిన ఆడపిల్ల ఏళ్ల తరువాత గర్భవతి అయినప్పుడు, బిడ్డ కోసం ఎముకల నుంచి కాల్షియం కరిగే వేళ సీసం కూడా కరిగి రక్తంలోకి వస్తుంది. తల్లి చిన్నప్పుడు తాగిన నీళ్ల ఫలితం కడుపులో బిడ్డ అనుభవిస్తుంది. పెద్దల కంటే పిల్లల ఒళ్లు సీసాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చదువులో వెనకబడటం, మనసు నిలకడ లేకపోవడం, చీటికిమాటికి కోపం, ఇవన్నీ దాని గుర్తులు కావచ్చు. వాటిని చూసి పిల్లాడు మొద్దు అంటాం, అల్లరివాడంటాం. నీళ్లను ఎవరూ అనుమానించరు.

మన రాష్ట్రంలో దీనికి రక్తహీనత తోడైంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము తక్కువైన ఒళ్లు సీసాన్ని మరింతగా లాక్కుంటుంది. లాక్కున్న సీసం మళ్లీ రక్తం తయారీకే అడ్డుపడుతుంది. ఏఎన్ఎం ఇచ్చిన ఐరన్ మాత్రలు నెలల తరబడి మింగినా రక్తం పెరగని గర్భిణి కనిపిస్తే, తిండి సరిగా తినడం లేదని ఆమెనే తిడతారు. ఆమె తాగే నీళ్లను ఒక్కసారి పరీక్షకు పంపాలన్న ఆలోచన రాదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

పరీక్షలు జరగడం లేదని కాదు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జలజీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీళ్లు పరీక్షించడం నేర్పి కిట్లు ఇవ్వాలని పెట్టారు. మంచి పని. ఆ కిట్టుతో క్లోరిన్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, కాఠిన్యం తెలుస్తాయి. సీసం తెలియదు. దానికి లోహాలను కొలిచే యంత్రాలున్న ప్రయోగశాల కావాలి. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు తాగునీటిలో సీసం 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట కొన్నిటికి ఆ ప్రమాణంలో సడలింపు ఉంది, సీసానికి లేదు.

క్యాను నీళ్లు కొనుక్కుంటున్నాం కదా అంటారు. వాటర్ ప్లాంటులో ఆర్‌ఓ పొర సరిగా ఉంటే సీసాన్ని చాలావరకు ఆపుతుంది, నిజమే. తాగడానికి 20 లీటర్ల క్యాను తెచ్చుకున్న ఇంట్లో కూడా ఎసరు పెట్టేది, పప్పు ఉడికేది, అంబలి కాచేది కుళాయి నీళ్లతోనే. క్యాను కొనలేని ఇల్లు పూర్తిగా ఆ కుళాయినే నమ్ముకుంది. ఆ నమ్మకానికి జవాబుదారీ ప్రభుత్వమే అవ్వాలి, ప్లాంటు వ్యాపారి కాదు.

పరీక్షలు దగ్గర్లో లేకపోతే ఏమవుతుందో ఏలూరు చూపించింది. 2020 డిసెంబరులో అక్కడి వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. బాధితులు వందలు దాటారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. ఆ తరువాత నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమన్నారు. కారణం ఏదైనా, రక్తంలో ఏముందో తెలుసుకోవడానికి ఆ రోజు నమూనాలు ఢిల్లీ దాకా వెళ్లాల్సి వచ్చింది. అంకెలు బయటికొస్తే ఏం మారుతుందో ఇంకో ఊరు చూపించింది. అమెరికాలోని ఫ్లింట్ నగరం 2014లో ఖర్చు తగ్గించుకోవడానికి నీటి వనరు మార్చింది. నది నీళ్లు పాత గొట్టాలను తిని సీసాన్ని ఇళ్లకు చేర్చాయి. తల్లులు సీసాల్లో నీళ్లు పట్టుకుని తిరిగితే అధికారులు బాగానే ఉన్నాయన్నారు. మోనా హన్నా అటీషా అనే పిల్లల డాక్టరు 2015లో పిల్లల రక్తపరీక్షల అంకెలు బయటపెట్టాక గాని వాళ్లు దిగిరాలేదు.

మనకు కావాల్సిందీ అంకెలే. సబ్బవరం, పరవాడ, మింది ప్రాంతాల్లో ప్రతి ఓవర్‌హెడ్ ట్యాంకు నీటినీ, ప్రతి తాగునీటి బోరునూ ఏడాదికి రెండుసార్లు సీసం, కాడ్మియం, ఆర్సెనిక్‌లకు పరీక్షించాలి. ట్యాంకు దగ్గర ఒక నమూనా, చివరి ఇంటి కుళాయి దగ్గర ఇంకొకటి తీయాలి, ఎందుకంటే గొట్టం చేసే చెడు చివరి ఇంట్లోనే బయటపడుతుంది. మింది, తాడి పిల్లలకు అంగన్‌వాడీల్లోనే రక్తంలో సీసం చూడాలి. ఫలితాలు గ్రామ, వార్డు సచివాలయాల గోడల మీద తెలుగులో అంటించాలి.

అప్పటిదాకా పొద్దున్నే కుళాయి తిప్పగానే వచ్చే నీళ్లు తాగడానికీ వంటకూ పట్టకండి, గిన్నెలు తోమడానికి వాడండి. పిల్లలకు ఇనుము, కాల్షియం దొరికే తిండి పెట్టండి. వచ్చే గ్రామసభలో లేచి నిలబడి మన కుళాయి నీటిలో సీసమెంతో అడగండి. నోటిమాట జవాబు ఒప్పుకోకండి, ప్రయోగశాల కాగితం చూపించమనండి. చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి.